చిలక పిడి కత్తులు

కత్తి గురించి అందరు మాట్లాడుతరు. ఎంత పదునున్నది, ఎక్కడి ఇనుము, ఎన్నేండ్లు వస్తది అని అడుగుతరు. పిడి గురించి మాత్రం అరచేతిల బొబ్బ లేచేదాక ఎవ్వలు అడగరు. బొబ్బ లేచినంక పిడి పెట్టినోన్ని వెతుక్కుంట వస్తరు. అట్ల వెతుక్కుంట వస్తే దొరికేటోన్ని నేనే.

నా పేరు రాజలింగం. లక్సెట్టిపేటల ఒక కత్తుల దుకాణంల నలభై ఏండ్లకు దగ్గర దగ్గర పిడులు పెట్టిన. ఇనుము కాల్చి సాగగొట్టుడు నా పని కాదు, అది కొలిమోళ్ళు కొట్టి పంపుతరు. నా ముందటికి వచ్చేది ఒక దిక్కు పదును, ఒక దిక్కు తోక ఉన్న ఇనుప పట్టీ. ఆ తోకను కట్టెల దింపి, లక్క పోసి, కట్టె పగలకుండ మెడకు పొన్ను కట్టు తొడిగి, మనిషి పట్టుకునే వస్తువు చేసుడు నా పని. మోకాళ్ళు మొండికేసినంక పోయినేడు మానుకున్న.

మా ఇంట్ల ఈ పని ఎవ్వలకు లేదు. మా బాపు బట్ట నేసే సాంచాలు నడిపేటోడు. ఆ సప్పుడుకు ఆయనకు చెవులు సగం పోయినయ్. అవ్వ "బియ్యం అయిపోయినయ్" అంటే "అవునే, మంచిగనే ఉడికినయ్" అనేటోడు. నాకు ఆ సప్పుడు వద్దనుకొని, పెండ్లయిన కొత్తల ఈ దుకాణంల చేరిన.

మొన్న కరీంనగర్‌ల కొత్తగ కత్తుల దుకాణం పెడుతున్న ఇద్దరు అక్కాచెల్లెండ్లు ఫోన్ చేసిండ్రు. "అంకుల్, గట్టిగ ఉండాలె, చూడ సక్కగ ఉండాలె, అన్నిటికి పనికి రావాలె. అటువంటి పిడి మెటీరియల్ ఒక్కటి చెప్పుండ్రి" అన్నరు. నేను ఆఁ ఊఁ అని ఏదో నమిలి ఫోన్ పెట్టేసిన. పక్కనుండి విన్న మా ఆవిడ, "నలభై ఏండ్లు చేసి ఒక్క ముక్క చెప్పరాకపాయె" అన్నది.

ఆ ఉడుకుతోనే ఇది రాస్తున్న.

మంచం కోళ్ళు

నాకు పని నేర్పింది వీరాచారి ఉస్తాద్. సన్నగ, పొడుగ్గ, ఎప్పుడు చూసినా చెవిల పెన్సిలు పెట్టుకొని ఉండేటోడు. దుకాణం మాత్రం మౌళి సేఠుది. సేఠుకు గిరాకి తెలుసు, ఉస్తాద్‌కు కట్టె తెలుసు. ఒకలి పని ఇంకొకలికి తెల్వదు కాబట్టి ఇద్దరు మంచిగనే ఉండేటోళ్ళు.

ఉస్తాద్ నాకు మొదట చెప్పింది ఒక్కటే. పచ్చి కట్టెను నమ్మొద్దు. పచ్చి కట్టెతోని పిడి పెడితే ఆ దినం బిగుతుగనే ఉంటది. ఎండినంక అది కుదించుకపోయి, ఇనుప తోక లోపట గలగల ఆడుతది. కూరగాయలు కోసుకుంట కోసుకుంట ఒకనాడు పిడి చేతిల ఉంటది, కత్తి చెంబుల పడుతది. అందుకే ఉస్తాద్ కట్టె అడితికి పోకపోతుండె. పాత కట్టె కోసం ఊర్లు తిరిగేటోడు. విరిగిన ఎడ్లబండి, పక్కకు పడేసిన నాగలి, అన్నిటికంటె ఎక్కువ పాత మంచం కోళ్ళు. అరవై ఏండ్లు మనుషులను మోసిన కోడుకు ఇంక వంకర పోయే ఆలోచన రాదు అనేటోడు.

చిక్కేందంటే, మంచం కోళ్ళు మంచాలకు ఉంటయ్. మంచాల మీద మనుషులుంటరు.

ఒకనాడు ఓదెలు తాతకు బాగ లేదని తెలిసింది. పెద్ద రైతు, పెద్ద వయసు. డాక్టరు చుట్టాలను పిలుచుకొమ్మన్నడట. ఉస్తాద్ నన్ను తీసుకొని చూడబోయిండు. అర్ర నిండ మనుషులు. తాత కండ్లు మూసుకొని ఉన్నడు. బిడ్డలు కొంగులు నోట్ల పెట్టుకొని నిలబడ్డరు. ఉస్తాద్ మంచం పక్కన కూసున్నడు, తల ఊపిండు, "అయ్యో" అన్నడు. తరువాత ఆయన చెయ్యి మెల్లగ కిందికి పోయింది. కోడును వేలితోని టక్ టక్ కొట్టిండు.

నా చెవిల నోరు పెట్టి, "జిట్రేగి రా. నల్ల జిట్రేగి. నాలుగు కోళ్ళు" అన్నడు.

అర్ర సప్పుడు లేకుండ ఉన్నది కాబట్టి ఆ మాట అందరికి వినవడ్డది. తాత కండ్లు తెరిచిండు.

"వీరాచారీ, ఎందుకొచ్చినవ్?"

"నిన్ను చూద్దామని తాతా."

"నన్ను చూడొచ్చినోనివి మంచం కిందికెందుకు చూస్తున్నవ్?"

ఉస్తాద్ చెయ్యి వెనక్కి గుంజుకున్నడు. తాత తన పెద్ద బిడ్డను పిలిచి, "జావ తే" అన్నడు. మూడు దినాల కెల్లి మంచినీళ్ళు సుత ముట్టని మనిషి చెంబెడు జావ తాగిండు, మా ఉస్తాద్ మొకం చూసుకుంటనే తాగిండు.

వారానికి లేచి కూసున్నడు. నెలకు కర్ర పట్టుకొని మా దుకాణం ముందటికి వచ్చిండు. లోపటికి రాలే. వాకిట్ల నిలబడి "ఇంక ఉన్న" అని చెప్పి పోయిండు. అటెన్కల ప్రతి అంగడి నాడు వచ్చుడు, "ఇంక ఉన్న" అనుడు, పోవుడు. ఎన్ని ఏండ్లో! డాక్టరు ఏం మందిచ్చిండో నాకు తెల్వదు గని, నన్నడిగితే ఆ మనిషిని లేపింది మా ఉస్తాద్ వేలే.

మీరు కట్టె కొనేటప్పుడు వేలితోని కొట్టుండ్రి. టక్కున మోగితే మంచిది. దబ్బుమంటే లోపట తడన్న ఉన్నట్టు, పురుగన్న ఉన్నట్టు. దేశీ తుమ్మ, చింత, పాత టేకు, ఈ మూడింటితోని నా బతుకంత ఎల్లిపోయింది. దెబ్బ పడే కత్తికి తుమ్మ. నీళ్ళల్ల నానే కత్తికి టేకు, దాంట్ల నూనె గుణమున్నది. చేతికి మెత్తగ, పట్టుకు గట్టిగ కావాలంటే చింత. జిట్రేగి అందరికంటె అందగత్తె, కాదనను. కాని దాని కోసం ఎవ్వల మంచం కాడ కూసోకుండ్రి.

కొమ్ము పిడి

ఇగ నా తప్పులకు వస్త. మొదటిది నాకంటె ఎక్కువ ఒక కుక్కకు గుర్తున్నది.

మా దుకాణానికి దగ్గర్ల ఉండే బడికి కొత్త హెడ్మాస్టరు సారు వచ్చిండు. సారుకు అందమైన వస్తువులంటే పానం. ఇంట్ల చెంబు సుత నకిషీది ఉండాలె. ఒకనాడు వచ్చి, "రాజలింగం, వంటింట్లకు ఒక కత్తి కావాలె. పిడి నల్లగ నిగనిగలాడాలె. వచ్చినోళ్ళు ఎక్కడిదని అడగాలె" అన్నడు.

బర్రె కొమ్ము అయితే అట్ల మెరుస్తది. కొమ్మును కాచి సాపు చేసి, ఆకురాయి పట్టి, గరుకు కాగితంతోని రుద్ది రుద్ది, ఆఖరికి అవిసె నూనె పెడితే అద్దం లెక్క అయితది. నాలుగు దినాలు కూసొని చేసిన. ఆఖరి దినం చూస్తే అవిసె నూనె సీస ఖాళీ. సారు సాయంత్రం వస్తనన్నడు. పక్కనే మటన్ దుకాణం. ఇంత కొవ్వు అడిగి తెచ్చి రుద్దిన. ఎంత మెరిసిందంటే, దాంట్ల నా మొకం చూసుకొని మీసం దువ్వుకున్న.

సారు ఖుషీ అయిపోయి తీసుకపోయిండు.

మూడో దినం అంగడి. పొద్దు బాగ ఎక్కింది. ఒక్కసారి బజారు ఆ కొసకెల్లి కేకలు. "ఉరుకుండ్రి! ఉరుకుండ్రి!" మనుషులు గంపలు వదిలిపెట్టి ఉరుకుతుండ్రు. ఒక దర్జీ కుట్టు మిషిను మీదికెక్కిండు. మిరపకాయలమ్మే ముసలామె తన కుప్ప మీదనే ఎక్కి, మంట పుట్టి మళ్ళ దిగింది.

"ఏమైందే?" అని అడిగిన.

"కుక్క చేతిల కత్తి ఉన్నది బిడ్డా!" అన్నది.

చూస్తిమి. ఒక ఎర్ర కుక్క, నోట్ల పిడి పట్టుకొని, పక్కకు జానెడు కత్తి తళతళ మెరుసుకుంట, బజారు నడిమిట్ల ఉరుకొస్తున్నది. దానికి ఎవ్వల మీద కోపం లేదు పాపం. సారు భార్య కత్తి కడిగి పెరట్ల బండ మీద ఎండబెడితే, వాసన పట్టి ఎత్తుకొచ్చింది. ఎవలన్న గుంజుకుంటరేమోనని దాని భయం. అది ఎటు తల తిప్పితే అటు జనం చీలిపోతుండ్రు. దాని వెనక లుంగీ మోకాళ్ళ దాక ఎగ్గట్టి మన హెడ్మాస్టరు సారు.

కుక్క సక్కగ మా దుకాణం ముందటికి వచ్చి ఆగింది. కత్తి కింద పెట్టింది. నా దిక్కు చూసి తోక ఊపింది. నా చేతులకు, నా బట్టలకు అదే వాసన ఉన్నది మరి.

ఉస్తాద్ లేచి వచ్చిండు. కత్తి తీసుకొని పిడి వాసన చూసిండు. అందరి ముందట మెల్లగ అడిగిండు.

"దేనితోని రుద్దినవ్?"

"అవిసె నూనె అయిపోయింది ఉస్తాద్."

"నేనడిగింది గది కాదు."

"కొవ్వు."

"మెరిసిందా?"

"మెరిసింది."

"ఎవలకు నచ్చింది?"

నేను కుక్క దిక్కు చూసిన.

ఎవ్వలకు గీరుకు సుత పోలే, అది మా అదృష్టం. కాని ఆ దినం ఒక చిన్న పిల్ల అడ్డమొస్తే ఏమైతుండెనో అని చానా దినాలు నాకు అన్నం సయించలే. ఆ పిడిని సోడతోని కడిగినం, బూడిదతోని తోమినం. వాసన మాకు పోయింది గని కుక్కకు పోలే. సారుకు చింత కట్టె పిడి పెట్టి ఇచ్చినం. కుక్క మాత్రం ఆరు నెలలు మా గడప దిగలే. దాని పేరే కొమ్ము అయింది.

కొమ్ము చెడ్డదని నేను అంట లేను. చేతికి హాయిగ ఉంటది. నీళ్ళల్ల మరిచిపోతే ఉబ్బుతది, ఎండల మరిచిపోతే వంకర పోతది, అంతే. పని చేసేటోడు గుర్తు పెట్టుకోవలసింది ఇంకోటున్నది. పిడికి మీరు ఏది రుద్దినా, అది రేపు తడుస్తది, ఎండుతది, ఎవలదో నోటి దగ్గరికి పోతది. మెరుపు చూసి మురిసేముందు ఆ ముచ్చట యాదికి తెచ్చుకోండ్రి.

పప్పుల చిలక

ఈ రెండో తప్పుకు కుక్క మీద నెపం పెట్టే వీలు లేదు.

అప్పటికి ఉస్తాద్ పని మానుకొని మంథనిల బిడ్డ ఇంటికి పోయిండు. దుకాణంల పెద్ద పనోన్ని నేనే. మౌళి సేఠు ఏదో పెండ్లికని నిర్మల్ పోయి వచ్చిండు. వచ్చేటప్పుడు సంచి నిండ కొయ్య బొమ్మలు తెచ్చిండు. చిలకలు, మామిడికాయలు, ఏనుగులు. వాటిని గల్లా మీద వరుసగ పెట్టి, "రాజలింగం, ఏం కనవడుతుంది?" అన్నడు.

"బొమ్మలు."

"నాకు పిడులు కనవడుతున్నయ్."

ఆ బొమ్మలు చేసేది పొనికి కట్టెతోని. తేలికగ, తెల్లగ, వెన్న లెక్క ఉంటది. బొమ్మకు దాన్ని మించిన కట్టె లేదు. గోరు గుచ్చితే గుంట పడుతది. అటువంటి కట్టెతోని కత్తి పిడి చేసుడంటే, జొన్నరొట్టెతోని తలుపు చేసినట్టే. నాకు తెలుసు. గోరు గుచ్చి చూసిన సుత.

చెప్పవలసింది. చెప్పలే. ఎందుకు చెప్పలేదంటే, సేఠు నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు ఉట్టి పనోనివి కాదు రాజలింగం, కళాకారునివి" అన్నడు. అన్నేండ్లల్ల నన్ను ఎవ్వలు ఆ మాట అనలే. ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పిన. "అయితే ముందుగాల పొయ్యి కాడి పీట కాలు బాగు చెయ్యి, కళాకారా" అన్నది. అయినా నాకు ఆ మత్తు దిగలే.

డజను చిలకలు చెక్కిన. ఆకుపచ్చ పెయి, ఎర్ర ముక్కు, నల్ల కండ్లు. నిజం చెప్పాలంటే, నేను చేసిన వస్తువులల్ల అంత సక్కటియి మళ్ళ చెయ్యలే. చిలక తోక కాడ కత్తి మొదలైతది. తలకాయ అరచేతిల ఉంటది. సేఠు ఆ డజను కత్తులను గట్టయ్యకు ఇచ్చిండు. గట్టయ్య పెండ్లిళ్ళ వంట మాస్టరు, మీసాలే ఒక్కొక్కటి గంటె అంత ఉంటయ్. ధర్మపురిల పెద్ద పెండ్లి ఉన్నదని, నలుగురు చూస్తరని, "నువ్వు సుత పోయి చూసి రా, మనుషులు ఏమంటున్నరో చెప్పు" అని సేఠు నన్ను వెంట పంపిండు.

పొద్దున్నే వంట మొదలైంది. కట్టుబాటు ఉన్న ఇంటి పెండ్లి. నీసు వాసన సుత రావద్దని పిలగానోళ్ళు ముందుగాలనే చెప్పి పెట్టిండ్రట. గట్టయ్య మనుషులు చిలకలు పట్టుకొని ఉల్లిగడ్డలు కోసుడు షురూ చేసిండ్రు. జరసేపటికి ఉల్లిగడ్డలు ఆకుపచ్చగ అయినయ్. సేఠు సస్తా రంగు తెచ్చిండని నాకు అప్పుడు తెలిసింది.

"ఇదేందే రాజలింగం?" అన్నడు గట్టయ్య.

"కొత్తల అట్లనే ఉంటదన్నా."

"అరచేతిల ఏందో పొడుస్తుంది."

"ముక్కు."

"ముక్కెందుకు పెట్టినవ్?"

"చిలక కదనే."

గట్టయ్య నన్ను ఒక చూపు చూసిండు. గుమ్మడికాయలు కోస్తుండగ, ఒక గుమ్మడికాయల కత్తి దిగబడ్డది. ఆయన బలం పెట్టి గుంజిండు. టప్‌మన్నది. కత్తి గుమ్మడికాయల ఉన్నది, చిలక పెయి గట్టయ్య చేతిల ఉన్నది, తలకాయ లేదు. అటు చూసినం, ఇటు చూసినం. దొరకలే. పక్కన గంగాళంల పప్పు కుతకుత ఉడుకుతుంది. మాకు అటు దిక్కు ఆలోచనే పోలే.

బంతి కూసున్నది. మొదటి వరసల పిలగాని తండ్రి. గంభీరమైన మనిషి, మొకంల నవ్వు ఉండదు. గరిటెడు పప్పు వడ్డించిండ్రు. ఆయన అన్నంల కలుపుకున్నడు. ముద్ద చేసిండు. ముద్దల ఏదో గట్టిగ తాకింది. బయటికి తీసి చూసిండు.

రెండు కండ్లు, ఒక ముక్కు.

"తలకాయ!" అని లేచిండు. "పిట్ట తలకాయ! మాకు నీసు పెట్టిండ్రు!"

ఇంక చూసుకోండ్రి. వరస వరసంత లేచి నిలబడ్డది. ఒకామె నోట్లది ఉమ్మింది. పిలగాని మేనమామ బస్సు డ్రైవరును పిలువబోయిండు. పిల్ల తండ్రి చేతులు జోడించి ఒక్కొక్కల ముందట నిలబడుతుండు, ఏం జరిగిందో ఆయనకు తెల్వనే తెల్వదు. లోపటికెల్లి ఆడోళ్ళ ఏడ్పులు. పందిట్ల పిల్ల, మెడల పూలదండతోని, తలెత్తి చూస్తున్నది. నేను ఆ పిల్ల మొకం చూసిన. అప్పటిదాక నేను కళాకారున్ని. ఆ మొకం చూసినంక కాదు.

జనాన్ని తోసుకుంట పోయి పిలగాని తండ్రి ముందట నిలబడ్డ.

"పటేలా, అది పిట్ట కాదు. కట్టె. నేనే చేసిన."

"నువ్వెవ్వనివి? పిట్ట తలకాయను కట్టె అంటున్నవా?"

చెప్తే నమ్మే తీర్గ లేదు. ఆయన చేతిలకెల్లి ఆ తలకాయ తీసుకున్న. నోట్ల పెట్టుకొని, అందరు చూస్తుండగ, కసుక్కున కొరికిన. పొనికి కదా, రెండు ముక్కలైంది. లోపటి తెల్ల కట్టె తీసి చూపెట్టిన.

"బొక్క లేదు, నెత్తురు లేదు. చూసుకోండ్రి" అన్న.

నా పండ్లు, పెదవులు, నాలుక ఆకుపచ్చగ అయినయని నాకు తెల్వదు. పిలగాని నాయనమ్మ, పండ్లు లేని ముసలామె, కుర్చీల కూసొని నన్నే చూస్తుంది. ముందు ఆమె భుజాలు ఊగినయ్. తరువాత గొంతు లేచింది. "వీడు చిలకను తిన్నడే!" అని కడుపు పట్టుకొని నవ్వింది. ఆమె నవ్వుకు పిల్లలు, పిల్లల నవ్వుకు ఆడోళ్ళు, ఆఖరికి పందిట్ల పిల్ల సుత. పిలగాని తండ్రి ఒక్కడు నవ్వలే. ఆయన నా చేతిలకెల్లి సగం ముక్క తీసుకొని, వాసన చూసి, గోరు గుచ్చి చూసి, "గింత మెత్త కట్టెతోని పిడి పెట్టినవా? బుద్ధున్నదా?" అన్నడు.

"లేకుండె పటేలా" అన్న.

ఆయన కూసున్నడు. కొత్త విస్తారి తెమ్మన్నడు. లగ్గం అయింది.

గట్టయ్య మిగతా వంటంత ఇనుప తోకకు తువ్వాల చుట్టుకొని చేసిండు. మర్నాడు దుకాణానికి వచ్చి పదకొండు చిలకలను గల్లా మీద కుప్ప పోసిండు. సేఠు ఏదో అనబోతే నేను అడ్డమొచ్చి, "నాకు ముందే తెలుసు సేఠూ, చెప్పలే" అన్న. సేఠు నన్ను తిట్టిండు, మంచిగనే తిట్టిండు. చిలకలను ఊడదీసి వాడకట్టు పిల్లలకు పంచినం. వాన పడంగనే రంగు పోయి అన్ని కొంగలైనయ్. గట్టయ్య కత్తులకు తుమ్మ పిడులు పెట్టిన. పొన్ను మాత్రం ఇత్తడిది, సన్నగ, మెరిసేది. అందం కావాలంటే అక్కడ పెట్టుండ్రి, అరచెయ్యి తాకని కాడ.

పొనికిది తప్పు కాదు, చిలకది తప్పు కాదు. ఓనరు పొగిడినప్పుడు నోరు మూసుకున్న పనోనిది తప్పు. మీకు గోరు గుచ్చితే గుంట పడ్డప్పుడు, ఆ గుంట ఓనరుకు చూపెట్టుండ్రి. ఆయన మొకం మాడుతది. మాడనియ్యుండ్రి.

మల్లవ్వ చెయ్యి

నేను మానుకునే ముందటి ఏడు మల్లవ్వ వచ్చింది. బతుకంత బీడీలు చుట్టిన చెయ్యి ఆమెది. వేళ్ళు సగం మడిచిన కాడ ఆగిపోయినయ్, పూర్తిగ మూసుకోవు, పూర్తిగ తెరుసుకోవు. కొడుకు దుబాయ్‌ల ఉంటడు. ఇంట్ల ఆమె, కోడలు సునీత ఇద్దరే.

"కత్తి నిలుస్త లేదు బిడ్డా చేతిల" అన్నది. "జారుతుంది. కోడలు మంచిదే. నువ్వు కూసో అత్తమ్మా, నేను చేస్త అంటది. కూసుంటున్న."

"మంచిదే కదనే అవ్వా, జర సుఖపడు."

ఆమె అటు ఇటు చూసి, గొంతు తగ్గించింది. "ఫోన్ల చూసి వండుతది. అన్నిట్ల టమాట ఏస్తది. పప్పుల టమాట, చారుల టమాట, గుడ్డుల టమాట. చింతపండు ఇంట్ల ఉన్నదన్న సంగతే మరిచింది. నాలుగు నెలల కెల్లి టమాట తింటున్న బిడ్డా. నా చేతిల కత్తి పెట్టు, నీకు దండం పెడత."

కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్ ఆమెకు. నవ్వబోయినోన్ని ఆగిన.

దుకాణంల ఉన్న పిడులన్ని పట్టించి చూసిన. ఒక్కటి నిలవలే. సన్నటియి జారుతున్నయ్, స్టీలుది చేపపిల్ల లెక్క ఎగిరి పడ్డది. ఆఖరికి కుమ్మరోళ్ళ ఇంటికెల్లి ఇంత బంకమట్టి తెచ్చి ముద్ద చేసి, "నీ చేతికి వచ్చినట్టు పిసుకు అవ్వా" అన్న. ఆమె పిసికింది. మట్టి మీద ఆమె వేళ్ళు ఎక్కడ ఆగినయో అక్కడ గుంటలు పడ్డయ్. ఆ ముద్దను ఎండబెట్టి, ముందట పెట్టుకొని, చింత కట్టెను అదే తీర్గ చెక్కిన. వారం పట్టింది. ఎక్కడ సాపు లేదు, ఎక్కడ సక్కదనం లేదు. బుడుపులు, గుంటలు.

సేఠు చూసి, "ఇదేందిరా? అల్లం కొమ్మా? ఎవ్వలకు చూపెట్టకు, మన దుకాణం ఇజ్జత్ పోతది" అన్నడు.

మల్లవ్వ వచ్చి పట్టుకున్నది. వేళ్ళు వాటి వాటి గుంటలల్ల పోయి కూసున్నయ్. ఉల్లిగడ్డ ఇచ్చిన. కోసింది, సన్నగ, దారాల లెక్క. ఇంకొకటి అడిగింది. ఇంకొకటి. మా కాడ అయిపోయినయ్ అంటే, సేఠు టిఫిన్ల నంచుకునే ఉల్లిగడ్డ ఉండె, అది సుత కోసి ఇచ్చింది. పోయేటప్పుడు కత్తిని కొంగుల చుట్టుకొని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని పోయింది.

ఇరవై దినాలకు కోడలు సునీత వచ్చింది. వచ్చుడు వచ్చుడే గల్లా మీద చెయ్యేసి నిలబడ్డది.

"కాకా, మా అత్తకు ఆ కత్తి చేసింది నువ్వేనా?"

"నేనే బిడ్డా."

"పొద్దున లేస్తే వంటింట్ల ఆమెనే, మాపటికి ఆమెనే. పుంటికూర పచ్చడి, పచ్చిపులుసు, చింతచిగురు పప్పు. నేను వంటింట్ల అడుగు పెడితే జరుగు జరుగు అంటుంది. పోనీ ఆ కత్తితోని నేనన్న కోద్దామంటే నా చేతిల పడుతనే లేదు, గిర్రున తిరుగుతుంది. వాడకట్టోళ్ళు సుత వచ్చి ఆ కత్తినే చూస్తుండ్రు."

లొల్లికి వచ్చిందనుకున్న. పిడి ఊడదియ్యమంటదేమోనని భయమైంది.

"మరి నన్నేం చెయ్యమంటవ్ బిడ్డా?"

ఆమె కుడి చెయ్యి చాపింది. "ఆ మట్టి ఏదో ఉన్నదట గదా, తే. మేం మాట్లాడుకున్నం. పొద్దున వంట ఆమెది, మాపటిది నాది. నాకు సుత నా చేతిది కావాలె."

మట్టి తెచ్చిన. పండ్లు బిగబట్టి పిసికింది. వేళ్ళ సందులల్లకెల్లి మట్టి బయటికి వచ్చి గల్లా మీద పడ్డది.

"జర మెల్లగ బిడ్డా" అన్న.

"లేదు కాకా. మా అత్త దానికంటె పెద్దగ ఉండాలె."

"ఎంత పెద్దగ?"

సునీత జర ఆలోచించింది.

"చూడంగనే తెలువాలె" అన్నది.